పదమూడవ డబ్బా

పొయ్యి వెనుక గోడపై ఎర్రకాగితమే పీఠంగా కొలువుదీరి, ఏ ఇంట ఏ పూట ఎసరు పెట్టారో, ఏ పూట పెట్టలేదో పొగచూరిన కన్నులతో చూస్తూ, ఏడాది చివర స్వర్గానికేగి ఉన్నది ఉన్నట్టు విన్నవించే వంటింటి దొరా, నీకు నమస్కారం. నువ్వు బయలుదేరే వేళ మా తప్పులు మెత్తగా పలకాలని నీ పెదవులకు బెల్లపు పాకం పూస్తాము. ఆ సంగతి ఎరిగీ నువ్వు చిరునవ్వు నవ్వుతావు. ఈ కథలోని ఇల్లాలి తప్పును కూడా ఆ నవ్వుతోనే ఆలకించు. నా మాట ఎక్కడైనా మాడితే సెగ తగ్గించు.

తైనాన్ నగరంలో, రేవుకు పోయే దారి పక్క సందులో, హో-షెంగ్ అనే డోలు వాద్యకారుడు కాపురముండేవాడు. దేవతల పుట్టినరోజులకు గుళ్ల ముంగిట ఆడే నాటక మేళంలో అతనిది డోలు. మేళానికి నెలజీతం లేదు. దేవుడికి పుట్టినరోజుంటే ఆట ఉంటుంది. ఆట ఉంటే డబ్బు పెట్టిన ఎర్ర కవరు వస్తుంది. చాంద్రమానపు మూడవ నెలలో సముద్రమాత జన్మదినానికి ఊపిరి సలపనన్ని ఆటలు. ఏడవ నెలలో పాతాళపు తలుపులు తెరుచుకుని ఆకలిగొన్న ప్రేతాలు పైకి వచ్చినప్పుడు, వాటి తృప్తికై వీధికొక ఆట. నడుమ వారాల తరబడి డోలు మీద గుడ్డ కప్పే ఉంటుంది.

ఆ ఇంటి పెత్తనం నలభై ఏళ్లు అతని తల్లి బోంగ్-చీ చేసింది. ఆమె పేరుకు 'ఎలాగో పెంచుదాంలే' అని అర్థం. మగబిడ్డకై ఎదురుచూసి నిరాశపడిన తండ్రి పెట్టిన పేరు. ఆ పేరు మోస్తూనే ఆమె నలుగురు బిడ్డలను ఎలాగో కాదు, చక్కగా పెంచింది. ఆమె ఖజానా పదమూడు పాలపొడి డబ్బాలు. వచ్చిన ప్రతి కవరునూ పదమూడు భాగాలు చేసి డబ్బాకొక భాగం వేసేది. ఏ నెల వస్తే ఆ నెల డబ్బా మాత్రమే తెరిచేది.

ఆ ఏటి కొత్త సంవత్సరం నాడు ఆమె ఆ డబ్బాలను కోడలు పీ-యున్ ముందు వరుసగా పేర్చింది.

"ఇక నా వల్ల కాదు. చూపు ఆనడం లేదు. నువ్వు చూసుకో."

పీ-యున్ చక్కెర మిల్లు గుమాస్తా కూతురు. ప్రతి నెలా అయిదవ తారీఖున జీతం వచ్చే ఇంట పుట్టి పెరిగింది. లెక్కల్లో దిట్ట.

"అత్తయ్యా, ఏడాదికి పన్నెండు నెలలే కదా. పదమూడు డబ్బాలెందుకు?"

"మా అత్త పదమూడిచ్చింది. నేనూ పదమూడే ఇస్తున్నా. ఎందుకో ఆవిడ చెప్పలేదు, వాడుతుంటే తెలిసింది. నీకూ తెలుస్తుంది."

పెద్దవాళ్ల నమ్మకాల్లో ఇదొకటి కాబోలునని పీ-యున్ లోలోపల నవ్వుకుంది. ఆమె వద్ద అంతకంటే నమ్మదగిన సాధనం ఉంది. గడచిన ఏడాది ఏ కవరు ఏ ఇంగ్లీషు తారీఖున వచ్చిందో ఒక నోటు పుస్తకంలో గళ్లు గీసి రాసుకుంది. దాని ప్రకారం జనవరి మొదలు డిసెంబరు దాకా పన్నెండు డబ్బాలకు కాగితాలు అంటించింది. పదమూడవ దానిలో బొత్తాలు, సూదులు, ఒక ఎర్రదారపు ఉండ వేసింది. పోయిన ఏడు ఏడవ నెల తొలి కవరు ఆగస్టు ఆరున వచ్చింది గనుక ఆగస్టు డబ్బాలో ఆరు రోజులకు సరిపడా ఉంచి, మిగిలినది అంతకు ముందరి నెలలకు సర్దింది. ఆ వసంతంలో పళ్లెంలోకి చేప తరచుగా వచ్చింది. గదిలోకి కొత్త ఫ్యానూ వచ్చింది. బోంగ్-చీ ఆ ఫ్యాను గాలికి కూర్చునేది గాని, ఏమీ అనలేదు.

జూలై ఇరవై నాలుగున పీ-యున్, డోలు తోలుకు నూనె రాస్తున్న భర్తను అడిగింది.

"ఈసారి మొదటి ఆట ఏ గుడి దగ్గరండీ? ఆరో తారీఖుకి కవరు వస్తుందిగా."

"ఏ ఆరు?"

"ఆగస్టు ఆరు. పోయినేడు అప్పుడే వచ్చింది."

హో-షెంగ్ నవ్వాడు. "దయ్యాలు నీ నోటు పుస్తకం చూసుకుని వస్తాయా? ఈ ఏడు ఆరో నెల రెండుసార్లు. నిన్నటితో ఒకటి అయింది. ఇవాళ్టి నుంచి అధిక మాసం. ఇందులో ఏ దేవుడూ పుట్టలేదు. కవరు మళ్లీ ఆగస్టు ఇరవై అయిదుకే."

"ఈ ముక్క ముందే చెప్పొద్దూ?"

"రోజూ క్యాలెండరు చింపేది నువ్వే కదా."

నిజమే, రోజూ ఉదయం ఆమే చింపేది. కాని ఆమె కన్ను పైనున్న పెద్ద అంకె మీదనే నిలిచేది. కింద చిన్న అక్షరాల్లో ఉన్న చాంద్రమాన తిథి పూజలు చేసుకునే వారి కోసమని వదిలేసేది. డబ్బాలు తెరిచి చూసుకుంది. చేతిలో పధ్నాలుగు రోజుల డబ్బు, ఎదుట ముప్పై మూడు రోజుల దూరం.

ఆ రాత్రి నుంచి చేప పోయి ఎండు ముల్లంగి వచ్చింది. బియ్యంలో చిలగడదుంప ముక్కలు కలిశాయి. ఆకలి మాట ఎలాగో గట్టెక్కేదే. తగ్గించరానిది ఒకటుంది. అధిక మాసం పెద్దవారి ఆయుష్షు మీద అదనపు బరువు. పెళ్లయిన కూతురు ఆ నెలలో పందికాళ్లు, సన్నని పొడుగు సేమ్యాలు వండి తల్లికి తీసుకువెళ్లాలి. కాళ్లు నడకకు బలం, సేమ్యాలు ఆయువుకు పొడుగు. పీ-యున్ తల్లి పోయిన చలికాలమంతా ఊపిరితిత్తుల జబ్బుతో ఆసుపత్రిలో గడిపింది. పెళ్లినాడు ఆ తల్లే అన్నది: "దేవుళ్లు పుడితే గాని అన్నం పుట్టని ఇంటికి పోతున్నావు. ఒకరోజు ఒట్టి చేతులతో నా గుమ్మంలో నిలబడతావు." ఈ నెల అలా నిలబడితే తల్లికి కాపు లేకుండా పోతుంది, ఆమె మాట నిజమై మిగిలిపోతుంది.

నాలుగు రోజుల తరువాత ఆడపడుచు యూ-చిన్ మూతపెట్టిన గిన్నెతో పుట్టింటికి వచ్చింది.

"మీ అమ్మ దగ్గరికి ఇంకా వెళ్లలేదా వదినా? బజారులో కాళ్లన్నీ లాగేసుకుంటున్నారు. ఆలస్యం చేశావంటే తోక మిగులుతుంది."

కూతురు వెళ్లగానే బోంగ్-చీ ఆ గిన్నెలో సగం వేరొక గిన్నెలోకి తీసింది.

"ఇది మీ అమ్మకి పట్టుకెళ్లు."

"వద్దత్తయ్యా. అది మీ ఆయుష్షు."

"నాకు డెబ్బై ఆరు. నీ డబ్బాల్లో డబ్బు కంటే నా దగ్గర ఆయుష్షే ఎక్కువుంది. తీసుకో."

పీ-యున్‌కు నవ్వు వచ్చింది. నవ్వుతుండగానే కన్నీళ్లూ వచ్చాయి. "మీకు తెలుసు కదా. అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"చెబుదామనే వచ్చా ఒకరోజు. నీ పుస్తకం చూశా, గీతలు ఎంత నీట్‌గా గీశావో. నోరు రాలేదు." ముసలామె గిన్నె మీద మూత సరిచేసింది. "అదొక్కటే కాదులే. మా అత్త చెప్పక, నా మొదటి అధిక మాసంలో నేను నెల్లాళ్లు దుంపలు తిన్నా. నువ్వూ తింటే తెలుస్తుందని ఎక్కడో మూల అనిపించింది. అది నాదే తప్పు. ఆ గోడ మీదాయన ఈపాటికి రాసుకునే ఉంటాడు."

పీ-యున్ ఆ సగాన్ని తిరిగి అత్తగారి గిన్నెలోనే కలిపి, సంచి తీసుకుని బజారుకు నడిచింది.

మాంసం కొట్టు ఆ-ఖేంగ్ ముందు కూతుళ్ల గుంపు మూగి ఉంది. అతడు ఆమెను చూడగానే, "అప్పుగా తీసుకెళ్లమ్మా. హో-షెంగ్ డోలు మోగినప్పుడు ఇద్దువు" అన్నాడు.

"అరువు కాళ్లతో మా అమ్మ ఎంత దూరం నడుస్తుంది బాబాయ్?"

కొట్టు వెనుక తొట్టినిండా శుభ్రం చేయని కాళ్లు. ఆ-ఖేంగ్ భార్య చిమటాతో వెంట్రుకలు పీకుతూ వాచిన వేళ్లను మాటిమాటికీ నీళ్లలో ముంచుతోంది. పీ-యున్ నిలిచిపోయింది. దేవుళ్లెవరూ పుట్టని నెల కావడం చేత తన ఇంట డబ్బా వట్టిపోతే, అదే నెల ఈ ఇంట పొంగిపొరలుతోంది. ఒకే నెల అందరి గుమ్మంలోకీ ఒకే ముఖంతో రాదన్న సంగతి ఆమె గళ్ల పుస్తకంలో ఎక్కడా లేదు.

"పీకడానికి మనిషి కావాలా బాబాయ్?"

"గుమాస్తాగారి అమ్మాయివి. నీకు చిమటా పట్టడం వచ్చా?"

"లెక్కలు వచ్చనుకున్నా, అవే రాలేదు. ఇదన్నా నేర్చుకుంటా."

నాలుగు ఉదయాలు ఆమె ఆ తొట్టి పక్కన పీట మీద కూర్చుంది. మేళం నాయకుడి భార్య చూసింది. ఒకప్పుడు బడిలో కలిసి చదివిన స్నేహితురాలు చూసి, చూడనట్టు పోయింది. మొదటి రోజు తలవంచుకుంది. మూడవ రోజుకు తల ఎత్తే తీరిక లేకపోయింది. నాలుగవ రోజు ఆ-ఖేంగ్ రెండు మంచి ముందుకాళ్లు, సేమ్యాలకు, బస్సుకు సరిపడా డబ్బు ఆమె చేతిలో పెట్టాడు. ఇంటికి వచ్చి కాళ్లు వండి గిన్నెకెత్తి, పదమూడవ డబ్బాలోని ఎర్రదారం తీసి సేమ్యాల కట్టకు చుట్టింది.

చక్కెర మిల్లు ఊరిలో తల్లి, కూతురు అప్పటికప్పుడు ఉడికించిన ఆ సేమ్యాలను తెగకుండా, మెల్లగా, చివరిదాకా తిన్నది. తిన్న తరువాత కూతురి చేయి పట్టుకుని వేళ్ల మీది గాట్లు చూసింది.

"ఇవేంటి?"

పీ-యున్ దాచలేదు. నోటు పుస్తకం, రెండు ఆరవ నెలలు, తొట్టి, చిమటా అన్నీ చెప్పింది. చెప్పి, పెళ్లినాటి మాట మళ్లీ వినడానికి సిద్ధపడి కూర్చుంది.

"మీ నాన్నకి అయిదున జీతం," అన్నది తల్లి. "ఇరవయ్యో తారీఖుకి బియ్యం నిండుకునేవి. నువ్వు బడికి పోగానే నేను మిల్లు వెనక చెరుకు ఆకు ఒలిచేదాన్ని. సాయంత్రం మీరొచ్చేసరికి చేతులు కడుక్కుని కూర్చునేదాన్ని. ఈ సంగతి మీ నాన్నకి కూడా తెలీదు."

"నాకెప్పుడూ చెప్పలేదే అమ్మా."

"జీతం ప్రతి నెలా ఒకే తారీఖున వచ్చేది. ఒకే తారీఖున అయిపోయేది. ఆ రెండోది నీకు తెలియకూడదనుకున్నా. తెలిస్తే నీ పుస్తకం ఇంకోలా రాసేదానివేమో." వేళ్లను తన ఒడిలో పెట్టుకుని నిమిరింది. "ఆ రోజు నేనన్న మాట వదిలెయ్యి. నా భయం కొద్దీ అన్నా."

ఆచారం ప్రకారం ఖాళీ గిన్నె పంపరాదు గనుక, రెండవ కాలును తిరిగి గిన్నెలో ఉంచి, పైన ఒక చిన్న ఎర్ర కవరు పెట్టింది.

ఇంటికి వచ్చి పీ-యున్ పదమూడవ డబ్బాలోని బొత్తాలను పాత మేజోడులో పోసి, ఆ కవరును విప్పకుండానే డబ్బాలో వేసి మూత బిగించింది. ఫ్యాను ముందు కూర్చున్న బోంగ్-చీ తల తిప్పింది.

"ఈ నెల డబ్బానే కదే అది. దుంపలు తింటూ దాచడమేంటి?"

"ఈ నెలది తొట్టి దగ్గర తెచ్చుకుంటా అత్తయ్యా. ఇది ఇంకో అధిక మాసానికి."

"అప్పటికి నేనుంటానో లేదో."

"ఉండాలి. సగం ఆయుష్షు ఇవ్వబోతే నేనే కదా తిరిగి గిన్నెలో వేశాను. లెక్క నాకు గుర్తుంది."

ముసలామె నవ్వి, ఫ్యానును కాస్త కోడలి వైపు తిప్పింది.

ఆ నెల మిగిలిన రోజులు ఆమె ఉదయాలు మాంసం కొట్టులోనే గడిచాయి. ఆగస్టు ఇరవై అయిదున డోలు వాయించిన హో-షెంగ్ ఎర్ర కవరు తెచ్చాడు. పీ-యున్ దానిని పదమూడు భాగాలు చేసింది. నోటు పుస్తకం పారవేయలేదు; ప్రతి తారీఖు కింద చాంద్రమాన తిథిని చిన్న అక్షరాలతో చేర్చింది. చివరి పుటలో, ఎప్పుడో రాబోయే తన కోడలి కోసం, పదమూడవ డబ్బా ఎందుకో రెండు వాక్యాల్లో రాసిపెట్టింది. ఆ పిల్ల దుంపలు తిని తెలుసుకోనక్కరలేదని ఆమె తలపు.

ఈ కథ విన్నవారి ఇంట ఎసరు పెట్టిన ప్రతి పూటా బియ్యం దొరుకుగాక. ఆదాయం ఆలస్యమైన నెలలో మాట కరువు కాకుండుగాక. తల్లుల నడకకు బలము, వారి ఆయువుకు పొడుగు, అత్తల నోట సమయానికి మాట కలుగుగాక. వంటింటి దొర మీ అందరి సంగతీ తీయగా విన్నవించుగాక.