రెండంగుళాల వదులు

కొట్లు తెరుచుకోవచ్చని కబురు వచ్చిన రోజు, వీధిలో అందరికంటే ముందు షట్టరు లేపినవాడు అంగుళం మాస్టారు. మూడు నెలలు గాలి ఆడని కొట్టు గుప్పున ముక్కవాసన కొట్టింది. కుట్టుమిషను మీద వేలితో పేరు రాసుకోవచ్చు, అంత దుమ్ము. మాస్టారు దాన్ని తుడిచి, నూనె వేసి, చక్రం తిప్పి, అది టకటకమనగానే చిన్నపిల్లాడిలా నవ్వాడు.

"చూశావా, మూడు నెలలు పస్తులున్నా ఒక్క మాట అనలేదు" అన్నాడు భార్యతో.

"పస్తులున్నది మిషను. తమరు కాదుగా" అంది ఆవిడ, ఆయన చొక్కా మూడో గుండీ వైపు చూస్తూ. గుండీలూ కాజాలూ ఆవిడ శాఖ. ఏ గుండీ ఎంత ఇబ్బందిలో ఉందో ఆవిడకు దూరం నుంచే తెలుస్తుంది.

ఆ వీధి టైలరు అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. "నా చేతిలో అంగుళం తేడా వస్తే కత్తెర కింద పెట్టేస్తా" అని పాతికేళ్ళుగా అంటూ వచ్చినందుకు అంగుళం మాస్టారన్న పేరే స్థిరపడింది. తేడా ఎప్పుడూ రాలేదని కాదు. వచ్చినప్పుడల్లా, బట్ట సరిగ్గానే ఉంది, మనిషే మారాడనేవాడు.

సాయంత్రానికి వీధి కళకళలాడింది. రొట్టెల కొట్టు, మందుల కొట్టు, చెప్పులు బాగుచేసే ఆయన బల్ల, అన్నీ తెరుచుకున్నాయి. జనం మాస్కుల పైనుంచి కళ్ళతోనే పలకరించుకున్నారు. ఒక్క షట్టరు మాత్రం లేవలేదు. అది సరిగ్గా మాస్టారి మిషనుకు ఎదురుగా ఉంది. తల ఎత్తితే అదే కనిపిస్తుంది.

అది తాళాలాయన కొట్టు. తాళంచెవులు చేయడం, మొరాయించిన తాళాలు తెరవడం ఆయన పని. ఆయనా మాస్టారూ ఒకే ఏడాది ఆ వీధికి వచ్చారు. చుట్టరికం ఏమీ లేకపోయినా మొదటి వారం నుంచే ఒకరినొకరు "బావా" అని పిలుచుకున్నారు. తిట్టుకోవడానికి అంతకంటే వీలైన వరస లేదు మరి. రోడ్డుకు ఆ పక్క నుంచి ఈ పక్కకు వాళ్ళ వేళాకోళం సాగుతుంటేనే వీధికి పొద్దు గడిచేది. కొట్లు మూసేసిన రెండో నెలలో తాళాలాయనకు జబ్బు సోకింది. ఇరవై రెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. అందులో నాలుగు రోజులు డాక్టర్లు కూడా ఏమీ చెప్పలేకపోయారు. చచ్చి బతికి ఇంటికొచ్చాడు. ఇక భయం లేదన్నారు, ఎవరికీ అంటుకోదన్నారు, మెల్లగా పనిలోకి వెళ్ళమన్నారు. వెళ్ళనిది ఆయనే. మాస్టారు ఫోను చేస్తే "నిద్రపోతున్నారు" అని జవాబు వచ్చేది, పొద్దున పదకొండింటికి కూడా.

మాస్టారికి కొండంత బెంగ. దాన్ని ఏం చేసుకోవాలో తెలియక, రోజూ కొట్టు తెరవగానే మిషను నూనె డబ్బా పట్టుకుని రోడ్డు దాటి, ఎదుటి షట్టరు తాళంలో రెండు చుక్కలు వేసి వచ్చేవాడు. తుప్పు పట్టి బిగుసుకుపోతే, బావ వచ్చిన రోజున తాళాలవాడే తన తాళం తీయలేక నిలబడతాడేమోనని. వీధి ముందు నవ్వులపాలు కాకూడదు కదా, పాపం. నవ్వితే తనొక్కడే నవ్వాలి.

ఇక కొట్టులోనూ కొత్త పద్ధతులు వచ్చాయి. ఎవరినీ ముట్టుకోకూడదు, ఆరడుగుల దూరం ఉండాలి. టైలరుకు ఇంతకంటే శిక్ష ఏముంటుంది? మాస్టారు గుమ్మానికి అడ్డంగా తాడు కట్టాడు. తాడుకు అవతల ఒక స్టూలు, ఒక నిలువుటద్దం, చేతులకు రాసుకునే మందు సీసా, టేపు పెట్టాడు. వచ్చినవాళ్ళు ఎవరి ఒళ్ళు వాళ్ళే కొలుచుకోవాలి. మాస్టారు లోపలినుంచి "చంక కిందుగా... ఇంకాస్త పైకి... అబ్బే, అది భుజం కాదండీ, మెడ" అని కేకలు వేస్తాడు. వాళ్ళు అంకె చెబితే భార్య కొలతల పుస్తకంలో రాస్తుంది.

అలా మొదటి వారం కుట్టిన తొమ్మిది చొక్కాల్లో ఏడు వెనక్కి వచ్చాయి. అన్నీ బిగుతే. మాస్టారు పుస్తకం తిరగేశాడు, కుట్లు విప్పి చూశాడు, రాసిన కొలతకు నూలుపోగంత తేడా లేదు. తల పట్టుకుని కూర్చుంటే మర్మం భార్యే కనిపెట్టింది.

"మీరు టేపును చూస్తున్నారు, నేను మనుషుల్ని చూస్తున్నా. టేపు నడుము దగ్గరికి రాగానే ప్రతివాళ్ళూ ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాగేస్తున్నారు. అంకె చెప్పేశాక వదులుతున్నారు."

మూడు నెలలు ఇంట్లో కూర్చుని తిన్న ఊరు, ఆ సంగతి టేపుకు తెలియనివ్వడం లేదన్నమాట. ఇన్నాళ్ళూ టేపు మాస్టారి చేతిలో ఉండేది. మనిషిని మాటల్లో పెట్టి, ఊపిరి వదిలించి, అప్పుడు కొలిచేవాడు. ఇప్పుడు ఎవరి పొట్టకు వాళ్ళే సాక్షులు. బ్యాంకు గుమాస్తా ఒకాయన చొక్కా తిరిగి ఇస్తూ "నేను మాత్రం బిగబట్టలేదండోయ్" అన్నాడు, ఎవరూ అడగకుండానే. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమంటే అదే. ఆ సాయంత్రం మాస్టారు గోడ మీద సుద్దముక్కతో పెద్దగా రాశాడు: 'చెప్పినదానికి రెండంగుళాలు కలపవలెను.' ఆ తర్వాత ఒక్క చొక్కా తిరిగి రాలేదు. కలపడం ఎంత అలవాటైపోయిందంటే, మందుల కొట్టాయన ఐదు నిమిషాల్లో వస్తానంటే మాస్టారు ఏడు నిమిషాలని అనుకునేవాడు.

నాలుగో వారంలో తాళాలాయన భార్య వచ్చింది. తాడుకు అవతల నిలబడి, అటూ ఇటూ చూసి, సంచిలోంచి నీలం కోటు తీసింది. మాస్టారు దాన్ని చూడగానే గుర్తుపట్టాడు. అది తను కుట్టిందే. పదకొండు జేబులు. ఆకురాయికి ఒకటి, చిన్న సుత్తికి ఒకటి, పెన్సిలుకు ఒకటి, ఒక్కో జేబుకు గంటసేపు పోట్లాడి బావ కుట్టించుకున్న కోటు. అది ఒంటి మీద లేకుండా ఆయన షట్టరు లేపడం వీధిలో ఎవరూ చూడలేదు.

"ఏమైందక్కయ్యా? బావ ఎలా ఉన్నాడు?"

"తింటున్నారు తమ్ముడూ, నడుస్తున్నారు. మంచం దగ్గర్నుంచి కిటికీ దాకా, కిటికీ దగ్గర్నుంచి మంచం దాకా. మొన్న తనంతట తనే కోటు తీసి వేసుకున్నారు. నాకు ప్రాణం లేచొచ్చిందనుకో. కోటు గోనెసంచిలా వేలాడుతోంది. అద్దం ముందు చాలాసేపు నిలబడ్డారు. 'ఈ కోటువాడు ఎవడో వేరే, వాడు పోయాడు' అని విప్పి మంచం కిందకి తోసేశారు." ఆవిడ మణికట్టుతో కళ్ళు తుడుచుకుంది. "ఫోన్లు అమ్మేవాళ్ళెవరో కొట్టు అడుగుతున్నారు. నెలాఖరుకి ఏదో ఒకటి చెప్పాలి. ఈయన ఇచ్చేద్దాం అంటున్నారు."

నెలాఖరుకు ఇంకా ఆరు రోజులే ఉన్నాయి. మాస్టారు తల ఎత్తి ఎదుటి షట్టరు వైపు చూశాడు. రేపు అక్కడ రంగు దీపాలు, గాజు తలుపులు, లోపల ముక్కూ మొహం తెలియని మనుషులు. తిట్టడానికి ఒక్కడూ ఉండడు.

"కోటు ఇలా ఇవ్వండి. ఒంటికి సరిపడా చేస్తాను. అద్దంలో మనిషి మనిషిలా కనిపిస్తే బయటికి తనే వస్తాడు."

"కొలవనివ్వరు తమ్ముడూ. నీ పేరెత్తితే చాలు, గోడవైపు తిరిగిపోతున్నారు."

"నిద్రపోతాడుగా?"

మర్నాడు మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుండగా ఆవిడ టేపుతో కొలిచింది. ఫోనులో గుసగుసగా అంకెలు చెబుతుంటే వెనక గురక వినిపించింది. ఆ గురక వినగానే మాస్టారికి సగం బెంగ తీరింది. అంకెలు వినగానే తీరిన సగమూ మళ్ళీ వచ్చి కూర్చుంది. ఛాతీ ముప్పై నాలుగు, నడుము ముప్పై. పాత పుస్తకంలో నలభై, ముప్పై ఎనిమిది. మాస్టారు పాత అంకెల మీద, కొత్త అంకెల మీద వేలు పెట్టి చూశాడు. "అంత మనిషి ఏమైపోయాడు!" అన్నాడు. భార్య కుట్లు విప్పే బ్లేడు ఆయన చేతిలో పెట్టింది.

రెండు రోజులు మరో పని ముట్టలేదు. పదకొండు జేబులూ ఊడదీసి, చేతికి అందే చోట చూసుకుని మళ్ళీ కుట్టాడు. మిగిలిన బట్ట కత్తిరించకుండా లోపలికి మడిచి ఉంచాడు. "మళ్ళీ ఒళ్ళు చేస్తాడు, అప్పుడు విప్పొచ్చు" అన్నాడు. భార్య కొత్త దారంతో గుండీలు బిగించింది. ఇస్త్రీ చేసిన కోటు అక్కయ్యకు అందిస్తూ, "నేను చెయ్యి పెట్టానని చెప్పకండి. అదే కోటనండి. మీరనుకున్నంత చిక్కలేదనండి" అని నేర్పించి మరీ పంపాడు.

ఆ సాయంత్రం బల్ల సర్దుతూ భార్య ఆగిపోయింది. ఆవిడ చేతిలో బావ కొలతల చీటీ ఉంది.

"ఏవండీ, అన్నయ్యగారి కోటు ఛాతీ ఎంత పెట్టారు?"

"ముప్పై ఆరు."

అనేశాక మాస్టారి నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. గోడ మీద సుద్దరాత ఆయన్నే చూస్తోంది. నిద్రపోయే మనిషి పొట్ట లోపలికి లాగడు. అక్కయ్య అంగుళం కూడా అబద్ధం చెప్పలేదు. తనే చేతి అలవాటు కొద్దీ ఛాతీకి రెండు, నడుముకు రెండు కలిపేశాడు. అలవాటులో పొరపాటు అంటారే, అది వచ్చి వచ్చి ఈ కోటు మీద పడింది.

"తప్పు చెయ్యడానికి ఇదే దొరికిందా నాకు" అని నెత్తి మొట్టుకున్నాడు. బావ వేసుకుంటాడు. అద్దంలో కోటు మళ్ళీ వేలాడుతుంది. ఈసారి మంచం కిందకి కాదు, కిటికీలోంచే విసిరేస్తాడు. వెంటనే ఫోను చేసి కోటు వెనక్కి తెప్పించబోతే, "ఇప్పుడే చూపించాను తమ్ముడూ, చేతిలోకి తీసుకున్నారు" అని అక్కయ్య సంబరంగా చెప్పింది. ఆ సంబరం విన్నాక ఆయనకు నిజం చెప్పడానికి నోరు రాలేదు.

మర్నాడు పొద్దున ఎప్పటిలాగే రోడ్డు దాటి తాళంలో రెండు చుక్కలు వేసి వచ్చాడు గానీ, పని మీద చెయ్యి ఆడలేదు. పదిన్నర అవుతుండగా వీధి చివర చెప్పులు బాగుచేసే ఆయన సుత్తి చప్పుడు ఆగింది. మాస్టారు తల ఎత్తాడు. నీలం కోటు. దాని వెనక పదడుగుల్లో పరుగులాంటి నడకతో అక్కయ్య. నీలం కోటు రెండు చోట్ల ఆగింది, మందుల కొట్టు అరుగు పట్టుకుని ఊపిరి తీసుకుంది, మళ్ళీ బయల్దేరి తిన్నగా వచ్చి తాడుకు అవతల నిలబడింది. మాస్కు పైన కళ్ళు నిప్పులు కక్కుతున్నాయి.

"ఏంటిది?" అన్నాడు తాళాలాయన, కోటు రెండు పక్కలూ పట్టుకుని లాగి చూపిస్తూ.

"బావా..."

"బావా లేదు, గీవా లేదు. అదే కోటంట! కొత్త దారానికీ పాత దారానికీ తేడా తెలీనివాణ్ణా నేను? సరే, బిగించావు. బిగించినవాడివి సరిగ్గా బిగించొద్దూ? వెంట్రుకంత తేడా వస్తే తాళంచెవి తిరగదు. అలాంటి పని చేసేవాడికి రెండంగుళాలు తప్పు చేసి పంపుతావా? రెండు! నేనే కొలిచాను! అంగుళం, అంగుళం అని ఇన్నేళ్ళు వీధిని చంపుకు తిన్నావే, నేను నాలుగు రోజులు మంచాన పడేసరికి పని మరిచిపోయావా? అడిగేవాడు లేడనుకున్నావా?"

ఇన్ని మాటలు ఒక్కసారే అనేసరికి ఆయాసం వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. మాస్టారు తాడు దాటబోయి ఆగాడు. ఉన్నదంతా చెప్పేశాడు. వెనక్కి వచ్చిన ఏడు చొక్కాలు, బిగబట్టలేదన్న గుమాస్తా, గోడ మీద రాత, చివరికి తన చెయ్యి చేసిన నిర్వాకం.

తాళాలాయన గోడ వైపు చూసి ఆ రాత చదివాడు. మళ్ళీ చదివాడు. ఆయన భుజాలు కదలడం మొదలుపెట్టాయి. దగ్గేమోనని అక్కయ్య కంగారుగా ముందుకొచ్చింది. దగ్గు కాదు, నవ్వు.

"అంటే ఊరంతా దొంగ పొట్టలైతే, నిజం చెప్పినందుకు నాకొక్కడికా శిక్ష?"

"విప్పి ఇవ్వు బావా. గంటలో సరిచేసి ఇస్తా."

తాళాలాయన లేచి నిలువుటద్దంలో చూసుకున్నాడు. కోటు ముందువైపు పిడికిలి దూర్చి చూశాడు. దూరింది. ఆ పిడికిలినే కాసేపు చూశాడు.

"ఉంచు" అన్నాడు. "ఊరు ఊరంతా రెండంగుళాలు పెరిగిందంటున్నావు. నేనొక్కడినీ పెరగలేనా?"

"గుండీలు గట్టిగా కుట్టాను అన్నయ్యగారూ, ఎంత పెరిగినా ఊడవు" అంది మాస్టారి భార్య లోపలినుంచి. అక్కయ్య అటు తిరిగి కళ్ళు ఒత్తుకుంది.

తాళాలాయన రోడ్డు దాటి తన షట్టరు ముందు వంగాడు. కోటు జేబులోంచి తాళంచెవి తీశాడు. వీధిలో అందరూ చేతిలో పని ఆపి చూస్తున్నారు. తాళం కిక్కురుమనకుండా తెరుచుకుంది. అయినా ఆయన షట్టరు లేపలేదు. వేళ్ళకు అంటిన జిడ్డు చూసుకున్నాడు, మాస్కు కాస్త కిందకి లాగి వాసన చూశాడు, మెల్లగా వెనక్కి తిరిగాడు.

"ఏం బావా! ఇందులో మిషను నూనె పోసింది నువ్వేనా?"

"పొయ్యలేదు బావా, రోజుకు రెండు చుక్కలే."

"తాళానికి నూనె పెడతారా ఎవరైనా? దుమ్మంతా పట్టి చస్తుంది! పెన్సిలు పొడి వెయ్యాలి, పెన్సిలు పొడి! ఎన్నేళ్ళనుంచి చెబుతున్నా నీకు? నీకు చెప్పినా ఒకటే, ఈ గోడకు చెప్పినా ఒకటే. ఇప్పుడు దీన్ని విప్పి కడిగేసరికి నాకు పూటంతా పడుతుంది!"

"పూటంతానా?" అన్నాడు మాస్టారు.

"పూటేంటి, రేపు కూడా పడుతుంది!"

షట్టరు గరగరమంటూ పైకి లేచింది. దాని చప్పుడును మించి తిట్లు వినిపిస్తూనే ఉన్నాయి. మాస్టారు మిషను ముందు కూర్చుని, సూదిలో దారం ఎక్కించి, కాలు కింద పెట్టుకున్నాడు. మిషను తొక్కితే తిట్లు సరిగ్గా వినపడవని, అవి అయ్యేదాకా అలాగే హాయిగా కూర్చున్నాడు.