బూందీ గారి డబ్బా

నేను ఒక రేకు డబ్బాను. నలుచదరంగా ఉంటాను. మూత బిగించారంటే చీమ కూడా దూరలేదు. ఏ ఊళ్ళో పుట్టానో నాకు తెలియదు. ఒక పెద్ద మర కింద పడి, నాలుగు వైపులా మడతలు వేయించుకుని, మూత మీద ఉయ్యాల ఊగే పిల్ల బొమ్మ గుద్దించుకుని బయటపడ్డాను. పుట్టగానే మనుషుల్లా ఏడవలేదు, డబడబా మోగాను.

మొదట మండపేటలో ఒక కిరాణా కొట్లో బిస్కెట్లు మోశాను. అవి అయిపోయాక మిఠాయి కొట్టు సూర్రావు గారు నన్ను తెచ్చుకుని యాలకులు పోసుకున్నారు. అది నా వైభవ కాలం. మూత తీస్తే వీధి చివరిదాకా ఘుమఘుమలాడేది. సూర్రావు గారు పోయాక కొట్టూ, పొయ్యీ, మూకుడూ, నేనూ అన్నీ కలిసి ఆయన కొడుకు వీర్రాజు గారి చేతికి వచ్చాం.

వీర్రాజు గారు కాజాలు చుట్టడంలో తండ్రిని మించినవాడు. మనిషి భారీ, మనసు మెత్తన. లోకంలో ఏ కష్టమైనా నోట్లో తీపి ముక్క పడితే సగం తగ్గుతుందని ఆయన నమ్మకం. కొట్టు మెట్లెక్కినవాళ్ళకి ముందు చేతిలో కాజా ముక్క పెట్టేవాడు, ఆ తర్వాతే ఏం కావాలని అడిగేవాడు. గల్లాపెట్టె దగ్గర కూర్చునే ఆయన భార్య మంగతాయారు గారు ఇదంతా చూసి నిట్టూర్చేది.

ఒక వానాకాలం మధ్యాహ్నం, బూందీ దూసే బల్ల కింద తడిసి ముద్దయిన కుక్కపిల్ల ఒకటి కనిపించింది. తెల్లటి ఒంటి మీద గోధుమరంగు చుక్కలు. వీర్రాజు గారు దాన్ని తన తువ్వాలుతో తుడిచి ఒళ్ళో పెట్టుకున్నారు. దొరికిన చోటును బట్టి దానికి బూందీ అని పేరు పెట్టారు. ఆ రోజే నా ఉద్యోగం కూడా మారిపోయింది. యాలకులు సీసాలోకి వెళ్ళాయి. విరిగిన కాజా అంచులు, లడ్డూ పొడి, జిలేబీ తోకలు నాలోకి వచ్చాయి. అందరూ నన్ను కుక్క డబ్బా అనడం మొదలుపెట్టారు.

మొదట్లో నాకు చిన్నతనంగానే అనిపించింది. కానీ నా మూత చప్పుడు వినగానే ఆ పిల్ల నాలుగు కాళ్ళూ ఒకేసారి గాల్లోకి లేపి పరుగెత్తుకొచ్చేది. యాలకుల రోజుల్లో నా కోసం ఎవరూ అలా వచ్చింది లేదు. అందుకని నేనూ గర్వపడ్డాను. ఏం మోస్తున్నానో ఆలోచించలేదు. ఆలోచించడం డబ్బాల పని కాదుగా. మనుషుల పని అనుకున్నాను.

ఏడాది తిరిగేసరికి బూందీ తన పేరుకు తగ్గట్టు గుండ్రంగా తయారైంది. మెట్లు దిగాలంటే ముందు ఒక్క క్షణం ఆలోచించుకునేది. పిల్లిని చూసి మొరగడం మొదలుపెట్టి మధ్యలో ఆయాసపడి కూర్చునేది.

"అది కుక్కండీ, పెళ్ళివారు కాదు. పొద్దస్తమానం ఆ పెట్టుడేంటి?" అనేది మంగతాయారు గారు.

"పెట్టే చెయ్యి ఊరుకోదే" అనేవాడాయన, నా మూత తీస్తూ.

ఇలా ఉండగా ఒక పెళ్ళికి లడ్డూల ఆర్డరు వచ్చింది. నేతిలో వేయించిన ఎండుద్రాక్ష కొంత మిగిలిపోయింది. వీర్రాజు గారు అది తీసి నాలో పోశారు. బూందీ ఎదురుగా కూర్చుని తోక ఆడిస్తూ ఉంటే గుప్పెడు తీసి దానికి పెట్టారు. అది తిని మూతి నాక్కుని, ఆయన కాళ్ళ మీదే నిద్రపోయింది.

మర్నాడు పొద్దున బూందీ లేవలేదు. రెండుసార్లు కక్కుకుంది. పొట్ట ముట్టుకుంటే మూలిగింది. వీర్రాజు గారు కంగారుపడి నా మూత తీసి, మూసి, మళ్ళీ తీసి చప్పుడు చేశారు. ఆ చప్పుడుకి అది చెవి కూడా కదపలేదు. అంత పెద్ద మనిషి ముఖం ఒక్కసారిగా చిన్నపిల్లాడిలా అయిపోవడం నేను చూశాను.

పశువైద్యురాలు హైమవతి గారికి ఫోను చేస్తే, అది తిన్నదేమిటో కూడా తీసుకుని వెంటనే రమ్మన్నారు. అలా ఒక చేత బూందీని, ఒక చేత నన్ను పట్టుకుని ఆయన ఆటో ఎక్కారు.

హైమవతి గారు బూందీకి సెలైను పెట్టించి, ఆ తర్వాత నా మూత తీశారు. లోపలున్నవాటిని వేలితో కదిపి చూశారు.

"ఇవన్నీ ఎవరికండీ?"

"బూందీకేనండి."

"ఎప్పుడన్నా పెడతారా?"

"ఎప్పుడన్నా ఏంటండి, రోజూనండి. స్వచ్ఛమైన నేతిలో చేసిందండి. వనస్పతి దరిదాపులకి రానివ్వనండి."

"అదే కదండీ వచ్చిన తిప్పలు" అన్నారావిడ మెల్లగా. "ఇంత నెయ్యీ, ఇంత పంచదారా కుక్క ఒళ్ళు ఓర్చుకోలేదు. క్లోమం వాచిపోతుంది. దానికి తోడు ఈ ఎండుద్రాక్ష. ఇది కుక్కలకి విషం లాంటిదండి. కొన్నిటికి కొంచెం తిన్నా కిడ్నీలు దెబ్బతింటాయి."

"పసిపిల్లలకి పెడతామండి దాన్ని" అన్నారు వీర్రాజు గారు, నమ్మలేక.

"పసిపిల్లలకి పడుతుందండి. ఇది పసిపిల్ల కాదు."

బూందీని ఆసుపత్రిలోనే ఉంచేశారు. నన్ను మాత్రం ఖాళీ చేసి, కడిగి, ఆయన చేతికిచ్చారు. కొట్టుకి వచ్చాక ఆయన పొయ్యి ముందు కూర్చున్నారు గానీ చూపు గుమ్మం మీదే. పాకం ముదిరిపోయింది. కాజాలు రాళ్ళలా వచ్చాయి. ఆ కొట్టు చరిత్రలో మొదటిసారిగా జనం కాజాలు వెనక్కి తెచ్చిచ్చారు. ఆయన వాళ్ళతో వాదించలేదు. ఎదుటివాళ్ళ చేతిలో ముక్క పెట్టే అలవాటు కూడా మర్చిపోయారు. అది చూసి మంగతాయారు గారికి భయం వేసింది. చెరువు గట్టు మీది అమ్మవారికి కొబ్బరికాయ మొక్కుకుంది, కుక్క కోసమని పూజారికి చెప్పకుండా.

మొత్తానికి బూందీ గట్టెక్కింది. దాన్ని చూడ్డానికి వెళ్తూ ఆయన అలవాటు కొద్దీ నన్నూ పట్టుకెళ్ళారు. రక్త పరీక్షలో కిడ్నీలు నిలబడ్డాయని చెబుతూ హైమవతి గారు, "సమయానికి తెచ్చారు" అన్నారు. వీర్రాజు గారు గోడవైపు తిరిగి తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు. కాసేపటికి తేరుకుని, తన వృత్తికి తగ్గ ఉపాయం ఒకటి చెప్పారు.

"పంచదారే కదండి తప్పు. షుగరున్నవాళ్ళకి తీపి పొడి అమ్ముతారు కదండి, అది వేసి దానికి వేరే చేస్తాను."

ఆవిడ గొంతు మొదటిసారి గట్టిపడింది. "ఆ పని మాత్రం చెయ్యకండి. వాటిలో కొన్నిట్లో జైలిటాల్ అని ఒకటుంటుంది. మనకేం కాదు. కుక్క రక్తంలో చక్కెర మాత్రం ఒక్కసారిగా పడిపోతుంది, ప్రాణం మీదికొస్తుంది. చాక్లెట్టూ వద్దు. ఉల్లి, వెల్లుల్లి తగిలిన కూర వద్దు. ఉడికించిన ఎముకలు వద్దు, అవి విరిగి పేగుల్లో గుచ్చుకుంటాయి."

"మరి ఏం పెట్టాలండి?"

"ముందు ఒళ్ళు కుదుటపడేదాకా నేను చెప్పిన తిండే. ఆ తర్వాత ఉడికించిన క్యారెట్టు, చిలగడదుంప, గుమ్మడికాయ, గింజలు తీసిన ఆపిలు. ఉప్పూ కారం లేకుండా ఉడికించిన కోడిమాంసం, ఎముక లేకుండా, కొవ్వు తీసేసి. ఒకటి పడిందని తేలాకే ఇంకోటి. ముక్క మీ చిటికెన వేలి గోరంత చాలు. రోజు తిండిలో పదోవంతు దాటనివ్వకండి."

ఆయన తన చిటికెన వేలి గోరు చూసుకున్నారు. దాన్ని ఆయన అంత దిగులుగా చూడటం నేను ముందెన్నడూ ఎరగను.

ఇంటికొచ్చాక ఖాళీగా ఉన్న నన్ను ఒళ్ళో పెట్టుకుని భార్యతో అన్నారు. "ఉత్త చేతుల్తో దాని దగ్గరికి ఎలా వెళ్ళనే? నన్ను చూసి ఏం వస్తుందది?"

మంగతాయారు గారు లోపలికి వెళ్ళి చిలగడదుంపలు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

హైమవతి గారు సరేనన్న రోజున పని మొదలైంది. తాతల నాటి మిఠాయి వంటవాడు ఉప్పూ, తీపీ, నెయ్యీ లేని వంట చేయడం చూడాలి. దుంపలు ఉడికించి, చిన్న ముక్కలుగా తరిగి, ఎండబెట్టారు. అలవాటు కొద్దీ చెయ్యి యాలకుల సీసా మీదికి పోతే మంగతాయారు గారు ఆ చెయ్యి పట్టుకుంది. తయారైన ముక్కను ఆయన తానే రుచి చూసి, "ఇది నేను చేశానని ఎవరికీ చెప్పకే" అన్నారు.

బూందీ దాన్ని వాసన చూసింది. ఆయన ముఖంలోకి చూసింది. కల్తీ సరుకు అంటగట్టిన వ్యాపారిని చూసినట్టు చూసింది. వెళ్ళి పడుకుంది. కొన్నాళ్ళకి క్యారెట్టు ఇస్తే మర్యాదగా నోట కరుచుకుని, పెరట్లో గొయ్యి తవ్వి పాతిపెట్టింది. కోడిమాంసం మిఠాయి వంటింట్లోకి రావడానికి వీల్లేదని మంగతాయారు గారు పెరట్లో వేరే పొయ్యి పెట్టించింది. అది మాత్రం బూందీకి నచ్చింది. చివరికి ఒకనాడు దుంప ముక్క కూడా తినేసింది. అది తన కత్తి పనితనమని వీర్రాజు గారు ఇప్పటికీ అంటారు. కాజాలు దొరకక గతిలేక తిన్నదని నా అభిప్రాయం. నన్నెవరూ అడగలేదు.

కొట్టుకొచ్చేవాళ్ళు జాలిపడి తలా ఒక ముక్క వేస్తున్నారని, "బూందీకి మిఠాయి పెట్టరాదు" అని బోర్డు రాయించారు. అది చదివి, బూందీయే మిఠాయి కదా, దానికి మళ్ళీ మిఠాయి పెట్టడమేంటని అడగనివాడు పాపి. ప్రతివాళ్ళకీ ఆయన ఓపిగ్గా కథంతా చెప్పేవాడు. కథ అయ్యేలోగా వాళ్ళు అరకిలో కాజాలు కొనేవాళ్ళు.

ఇంత చేసినా బూందీ బరువు తగ్గలేదు. హైమవతి గారు తూచి, కళ్ళద్దాల పైనుంచి చూశారు. వీర్రాజు గారు ఒట్టేసి చెప్పారు, చిటికెన వేలి గోరు దాటలేదని.

ఒకరోజు మధ్యాహ్నం ఆయన కునుకు తీసి లేచి వచ్చేసరికి, గల్లాపెట్టె కింద నుంచి తోక ఊగుతోంది. పైన మంగతాయారు గారి చేతిలో కాజా అంచు ఉంది. ఇన్నాళ్ళూ ఆయన్ని సాధించిన మనిషి చెయ్యి అది. ఆవిడ తలెత్తి చూసింది. దాచుకోవడానికి చోటు లేదు.

"అలా చూస్తూ కూర్చుంటే నా చెయ్యీ ఊరుకోలేదండీ" అంది. కళ్ళు తడిశాయి.

ఆయన నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. ఆ ముక్క ఆవిడ చేతిలోంచి తీసి ఆవిడ నోట్లోనే పెట్టారు. తర్వాత నా మూత తీసి, దుంప ముక్క ఒకటి ఆవిడ అరచేతిలో ఉంచారు. "నీ చేత్తో నువ్వే పెట్టు" అన్నారు.

ఆ తర్వాతే బూందీ నడుం కనబడటం మొదలైంది. పిల్లిని గోడదాకా తరిమి, ఆయాసం లేకుండా వెనక్కి వచ్చిన రోజున కొట్లో అందరికీ ఉచితంగా లడ్డూలు పంచారు. ఎండుద్రాక్ష లేకుండా. అప్పటికి ఆయనకి దాని మీద పగే పట్టింది.

ఇక నా సంగతి. మరుసటి వానలకి నా అడుగున తుప్పు పట్టింది. చెమ్మ లోపలికి దిగి దుంప ముక్కల మీద తెల్లటి బూజు వచ్చింది. హైమవతి గారు చూసి, బూజు పట్టింది పెడితే మళ్ళీ మొదటికొస్తామని, గాలి చొరని గాజుసీసా కొనమని చెప్పారు. కుక్కకి పెట్టకూడనివాటిలో చివరికి నేనూ చేరాను. నాకు కోపం రాలేదు. ఆవిడ చెప్పింది నిజమే.

వీర్రాజు గారు నన్ను స్వయంగా పట్టుకుని పాత ఇనుప సామాన్ల కొట్టుకి బయల్దేరారు. బూందీ వెంటపడింది. అక్కడ ఆయన నన్ను వెంటనే కిందపెట్టలేదు. మూత తీసి, దాని మూతి ముందు వంచి, "చూసుకో, ఏం లేదు" అన్నారు. అది తల మొత్తం లోపల దూర్చి ఒక్కసారి ఊపిరి పీల్చింది. ఆ ఊపిరి వెచ్చదనం నా తుప్పు అడుగుదాకా తగిలింది. తల బయటికి తీసి, ఆయన ఖాళీ అరచెయ్యి నాకింది.

కొట్టువాళ్ళు నన్ను పాత కుర్చీకాళ్ళ మీద, చిల్లుపడ్డ బకెట్ల పక్కన పడేశారు. అక్కడి నుంచి వీధి బాగా కనిపిస్తుంది. వాళ్ళిద్దరూ ఇంటిదారి పట్టారు. ఆయన చేతులు రెండూ ఖాళీ. ఆ చేతి పక్కనే, అంగుళం వెనకబడకుండా, బూందీ నడుస్తూ వెళ్ళింది.