సూక్ష్మంగారు తాగిన గ్లాసు

ల్యాబులో అందరూ పెద్దాయన్ని చాటుగా సూక్ష్మంగారు అనేవాళ్ళు. మనిషేమో పక్కకి తిరిగితే తప్ప తలుపులో పట్టడు. నోరు తెరిస్తే మాత్రం నానో, నానో! తాను కనిపెట్టిన ఇనుప పొడిలో ఒక్కో రేణువు వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదట, బోరు నీళ్ళలోని పాషాణాన్ని, అదే ఆర్సెనిక్‌ని, ఇట్టే పట్టేసుకుంటుందట. అబ్బో, ఏం కోతలు! నిజానికి కనిపెట్టింది ఆయన కింద పనిచేసే కెమిస్టు. పేపర్లో వచ్చిన ఫొటోలో ఆవిడ చెయ్యి ఒక్కటే పడింది, అదీ గ్లాసు పట్టుకున్నందుకు.

పేరు పోతే పోయిందిలే అనుకుంది ఆవిడ. ఒళ్ళు మండింది వేరే సంగతికి. ఏ మలినమూ లేని ల్యాబు నీళ్ళలో చిటికెడు పాషాణం కలిపి పోస్తే ఆ పొడి బ్రహ్మాండంగా పనిచేస్తుంది. బోరు నీళ్ళలో పాషాణం ఒక్కటే ఉండి చచ్చిందా? ఫాస్ఫేట్లూ సిలికాలూ ముందే ఆ పొడి మీదికి ఎక్కేసి సీట్లన్నీ ఆక్రమించుకుంటాయి. పాషాణం పాపం నిలబడే ప్రయాణం చేసి, తిన్నగా గ్లాసులో దిగుతుంది. ఈ మాట చెబితే ఆ మహానుభావుడు, "నీ నోట ఎప్పుడూ మంచి మాటే రాదు" అని తీసిపారేశాడు.

పైగా ఆ పొడి నింపిన మొదటి ఫిల్టరు పెడుతున్నది ఆవిడ పిన్ని ఉండే వీధిలో. ప్రారంభం అయిన మర్నాటి నుంచి, సూక్ష్మంగారి మాట మీద, మంచినీళ్ళ ట్యాంకరు బంద్. పిల్లా పెద్దా అంతా ఇక ఆ నీళ్ళే తాగాలి. ఆవిడ ఇల్లిల్లూ తిరిగి మొత్తుకుంది. "అంత పెద్దాయన అబద్ధమాడతాడా అమ్మా?" అన్నారు. నమ్మింది పిన్ని ఒక్కతే.

ప్రారంభం రోజున ఫిల్టర్లో పోసి అందరి ముందూ తాగడానికి సూక్ష్మంగారు డబ్బా నిండా ల్యాబు నీళ్ళు తెప్పించుకున్నాడు. తన ఫిల్టరు మీద ఆయనకి ఎంత నమ్మకమో చూడండి! కెమిస్టు ఆ నీళ్ళు కాలవలో పారబోసి, వీధి బోరు నీళ్ళు పట్టింది. అవి ఫిల్టరు దాటి గ్లాసులోకి తళతళలాడుతూ దిగాయి. పాషాణానికి రంగా, రుచా?

గ్లాసు అందిస్తూ ఆయన చెవిలో చెప్పింది. "ఇవి ఈ వీధి నీళ్ళే సార్. పొద్దున్న పరీక్ష చేశాను, విషం పోలేదు."

ఇక గ్లాసు దించేస్తాడు, జనం చూస్తారు, ట్యాంకరు ఆగదు. అదీ ఆవిడ లెక్క.

సూక్ష్మంగారు ఓసారి గ్లాసు వంక చూశాడు. కెమెరాల వంక ఇంకాస్త ఎక్కువసేపు చూశాడు. గటగటా తాగేశాడు!

వీధంతా చప్పట్లు. కెమిస్టు లెక్క తప్పింది. ఒక్క గ్లాసుకి ఎవడూ చావడు. ఏళ్ళ తరబడి తాగినవాళ్ళకే ఒంటి మీద మచ్చలతో మొదలై ప్రాణం మీదికొస్తుంది. ఆ సంగతి ఈ ప్రబుద్ధుడికి బాగా తెలుసు, అందుకే అంత ధైర్యం.

అప్పుడు పిన్ని లేచింది. ఇంకో గ్లాసు పట్టి, ముందు వరసలో కూర్చున్న సూక్ష్మంగారి మనవరాలి దగ్గరికి వెళ్ళింది.

"ఎండకి మొహం వాడిపోయింది తల్లీ. తాగు, తాతయ్య తాగారుగా!" అంటూ మూతి దగ్గర పెట్టింది. గ్లాసు మాత్రం చేతిలోంచి వదల్లేదు.

"వద్దు!"

అంత ఒళ్ళు అంత జోరుగా కదులుతుందని ఎవరూ అనుకోలేదు. వేదిక మీంచి దూకి గ్లాసు విసిరికొట్టాడు. పిన్ని తడిసి ముద్దయింది. పిల్ల బావురుమంది.

"అదేంటి బాబూ, మీరు తాగి బానే ఉన్నారుగా. పిల్లకెందుకొద్దు?" అంది పిన్ని తాపీగా.

"అదీ... దానికి జలుబు..." అని నీళ్ళు నమిలాడు.

వెనకనున్న ఓ తండ్రి తన కొడుకు చేతిలోంచి, అప్పుడే ఫిల్టరు దగ్గర నింపుకున్న సీసా లాక్కుని, ముందుకొచ్చి సూక్ష్మంగారి బూట్ల మీద ఒంపేశాడు. ఆ వెనకే ఒకావిడ బిందె తెచ్చింది.

"రేపు ట్యాంకరు వస్తుందా బాబూ?" అంది పిన్ని.

"వస్తుంది, వస్తుంది" అన్నాడు ఆయన, తలెత్తకుండానే. మనవరాల్ని ఎత్తుకుని, చుక్క నీరైనా పడని దాని మూతిని రుమాలుతో తుడుస్తూనే ఉన్నాడు.