చెవి తెచ్చిన చెంచమ్మ

గిద్దలూరులో ఎరువుల దుకాణం పైన ఆ కంప్యూటర్ ఆఫీసు. అక్కడ చేసే గొర్రెల బీమా ప్రోగ్రాముకు పొద్దున్నే భాగ్య టెస్టు నొక్కుతుంది. నొక్కగానే ఆమె ఫైల్లో రాసిపెట్టిన ఉత్తుత్తి మనుషులు డేటాబేసులో చేరతారు, చేరినోళ్లు వచ్చి వరండాలో బల్ల మీద కూచుంటారు. ఫిక్స్చర్లంటారు వాళ్లను. టెస్టు అయిపోతే డేటాబేసు తుడుచుకుంటది, వాళ్లూ పోతారు. ఉన్నంతసేపు మంచినీళ్లిచ్చేది అందరికీ అలవాటే.

వాళ్లలో చెంచమ్మను చూస్తే ఎవరికైనా కడుపు మండాల్సిందే. చేతిలో కోసిన గొర్రె చెవి, దానికి బీమా బిళ్ళ. నల్లమలలో గొర్రె చస్తే మోసుకొచ్చేదెవరు? ఏ కాపరైనా బిళ్ళతో చెవి కోసుకొస్తాడు. ఈ దిక్కుమాలిన ప్రోగ్రాముకేమో గొర్రె మొత్తం ఫోటో కావాలంట. చెంచమ్మకు పరిహారం లేదని పంపిస్తేనే టెస్టు పాసైనట్టు పచ్చ గుర్తు పడుతుంది.

రేపు ఈ ప్రోగ్రామే ఊళ్లకు పోతుంది. అర్ధవీడులో భాగ్య నాయన అంకన్న మంద సగం రోగమొచ్చి అడవిలోనే పోయింది. ఆయన దగ్గరుండేవీ చెవులే.

"నన్ను ఏడిపిస్తే మీకు పాసా పాపా? రోజూ పుట్టిస్తావు, రోజూ తుడుస్తావు," అనింది చెంచమ్మ.

"రూలు నాది కాదత్తా," అని భాగ్య మేనేజర్ శివకృష్ణ దగ్గరికి పోయింది. "చెవి చాలని మార్చుదాం సార్."

"ఉత్తుత్తి మనిషి కోసం రూలు మార్చేదేంది? చెవులు తెచ్చేటోళ్లంతా దొంగలే."

"మా నాయన కూడానా సార్?"

"ఎవడైనా."

భాగ్యకు ఒళ్లు మండిపోయింది. టెస్టు ఇంకా నడుస్తుండగానే ఫైల్లో చెంచమ్మ పేరు కొట్టేసి, శివకృష్ణ పేరు రాసింది. పేరు లేని మనిషిని తుడిచేదెవరు? చెంచమ్మ ఆ గొర్రె చెవిని బల్ల మీద పెట్టి, మెట్లు దిగి బస్టాండు దారి పట్టింది.

భాగ్య మళ్లీ నొక్కింది. మేనేజర్ కుర్చీ ఖాళీ. వరండాలో బల్ల మీద శివకృష్ణ, చేతిలో గొర్రె చెవి. ప్రోగ్రాము గొర్రె ఫోటో అడిగింది. శివకృష్ణ చెవి చూపించినాడు. పరిహారం లేదనింది, పచ్చ గుర్తు పడింది, మనిషి మాయమైనాడు. భాగ్య ఇంకోసారి నొక్కింది.

"అంత గొర్రెను అడవిలోంచి ఎట్ల మోసుకొచ్చేది తల్లీ? రూలు మార్చు," అని ఏడ్చినాడు శివకృష్ణ.

భాగ్య చెవి చాలని రూలూ, టెస్టూ మార్చి నొక్కింది. పరిహారం మంజూరైంది. టెస్టు పాసైంది. అందరితో పాటు అతనూ తుడుచుకొని పోయినాడు.

మరుసటి వారం అంకన్నకు పరిహారం వచ్చింది. కుర్చీలోకి వచ్చిన కొత్త మేనేజరు, రోజూ పుట్టించి తుడుస్తున్నారని బల్ల మీద ఏడుస్తున్న శివకృష్ణకు మంచినీళ్లిచ్చి, "ఫైల్లోంచి ఇతని పేరు తీసేయొచ్చు గదమ్మా," అన్నాడు.

"టెస్టుకు ఎవరో ఒకరు ఉండాల గద సార్," అనింది భాగ్య.