డబ్బా మూత

బాణలిలో ఉప్పు చిటపటలాడగానే వరదమ్మ కొంగు నడుముకు బిగించి గరిటె జోరుగా తిప్పసాగింది. రేణిగుంట విమానాల మైదానం పక్కన రేకుల షెడ్డు అది. నిన్న తిరగలిలో విసిరి జల్లించిన ఉప్పంతా రాత్రి తూర్పుగాలికి ముద్దకట్టింది. మబ్బును మోసుకొచ్చే గాలే ఉప్పునూ తడిపేస్తుంది, ఏం చేస్తాం! మళ్లీ వేయించాలి, మళ్లీ తిరగలి తిప్పాలి, మళ్లీ పలచటి గుడ్డలో జల్లించాలి.

పొయ్యి ఆమెకు కొత్త కాదు. పెళ్లయిన ఏటినుంచీ వడమాలపేట బట్టీలో బొరుగులు వేయించిన చేతులవి. ఆ సెగకు ముంజేతుల మీద వెంట్రుకలు ఏనాడో మాడిపోయాయి. అందుకే మబ్బుల పరిశోధనకు వచ్చిన సుబ్రమణ్యం సారు ఆమెను ఏరికోరి పెట్టుకున్నాడు.

"దుమ్మూ పొగా ఎక్కువైతే మబ్బులో నీళ్లను పొడిపొడిగా పంచేసుకుంటాయమ్మా. ఏ చుక్కకీ పడేంత బరువు రాదు. ఉప్పురేణువైతే చెమ్మను లాక్కుని లావవుతుంది. విమానంలోంచి మబ్బులో చల్లితే చుక్క బరువెక్కి వానై పడొచ్చు," అని మొదటిరోజే చెప్పాడు. అది ఆమెకు ఇట్టే తలకెక్కింది. వానాకాలం ఉప్పుజాడీలో నీళ్లూరడం ఎరగని ఆడదెవరు?

"అక్కా, నీ ఉప్పు తిని మబ్బుకు దప్పికై, ఉండే నీళ్లు గూడా తాగేస్తే?" అంది జల్లిస్తున్న రాఘవమ్మ.

"నోరు ముయ్యే. తుమ్మినావంటే పొడంతా గాలికి పోతాది."

నవ్విందే గానీ మనసు చేని మీదే ఉంది. ఊడలు నేలలోకి దిగి కాయ పట్టే వేళకు వేరుశనగ వాడిపోయింది. మొగుడు గురప్ప ఆ చేలోనే పిడుగుపడి పోయాడు. ఆనాటి మబ్బు మెరుపులిచ్చింది గానీ ఒక్క చుక్క ఇవ్వలేదు. ఈరోజు దాటితే విమానం ఇంకో ఊరికి పోతుంది.

మధ్యాహ్నానికి వడమాలపేట దిక్కున మబ్బు కాలీఫ్లవర్‌లా ఉబ్బి పైపైకి లేచింది. సారు పరుగెత్తుకొచ్చాడు.

"లేచిందమ్మా! దగ్గర్లో మెరుపులు మొదలైతే పైలట్ పోడు. తొందరగా!"

వరదమ్మ ఉప్పుపొడి నింపిన చివరి డబ్బా చంకనెత్తుకుని ఉరికింది. విమానం పంకా రెక్కలు గిర్రున తిరుగుతున్నాయి. తలుపులోంచి మెకానిక్ ముకుందం చేతులు చాపాడు.

"మూత పీకి ఇయ్యమ్మా, గొట్టంలో పొయ్యాల!"

ఆమె మూత తీసింది. అలవాటుగా వంగింది.

"కింద పెడతా, ఎత్తుకో అబ్బా. ఉప్పు చేతిలోంచి చేతికిస్తే పోట్లాట వస్తాది."

"దుమ్ములోనా! దిగే టయిం యాడుండాది తల్లీ, ఇయ్యి!"

ఎక్కడో దూరంగా తిరుమల కొండల వెనక సన్నగా మెరిసింది. ఇంక ఆలస్యమైతే పైలట్ పోడని ఆమెకు తెలుసు. డబ్బాను అతని రెండు చేతుల్లో పెట్టేసింది.

"తిరిగొచ్చి నాతో పోట్లాడొద్దు నాయనా!"

"వాన రాకపోతే పోట్లాడతా!" తలుపు మూసుకుంది.

విమానం మబ్బు కడుపు కింద కాకంత అయింది. కాసేపటికి మబ్బు అడుగు నల్లబడి, బూడిదరంగు తెర నేలదాకా జారింది. గాలిలో తడిమట్టి వాసన.

"పడతా ఉండాది సార్! మా ఊరి మీదే!" వరదమ్మ చిన్నపిల్లలా ఎగిరింది.

సారూ నవ్వాడు. "వచ్చేదే వచ్చిందో, మనం రప్పించామో నేను చెప్పలేను వరదమ్మా."

"చెప్పొద్దులే సార్. పడనీండి!"

ఆపైన ఉరుములు మొదలయ్యాయి. ఇక్కడ దిగడం కుదరక విమానం అటునుంచటే మద్రాసు వెళ్లిపోయిందని వైర్‌లెస్‌లో చెప్పారు. ఇక రాదు. పోట్లాడేందుకు ముకుందం కూడా ఇక్కడ లేడు.

మైదానంలో చినుకైనా పడలేదు. వరదమ్మ పొయ్యి ఆర్పి, బాణలి బోర్లించి, చేను చూసుకోవాలని వడమాలపేట బస్సెక్కింది. విమానం దగ్గర్నుంచి చేత్తో తెచ్చి ఆమె మరిచిపోయిన డబ్బా మూత షెడ్డు గడప మీద ఉంది. అంచుకంటిన ఉప్పుపొడి గాలిలో చెమ్మను పీల్చుకుని చిన్నచిన్న చుక్కలైంది; ఆ చుక్కలు మెల్లగా ఒకదానిలో ఒకటి కలుస్తున్నాయి.