ఊడవకూడని గది

ఆ ఇంట్లో అడుగుపెట్టగానే ముందు నా కంటపడింది పొయ్యి పక్కన గోడకు ఆనించిన చీపురు. ఒకప్పటి అమెరికా అధ్యక్షుడు చిన్నతనంలో పెరిగిన ఇల్లది. టెక్సాస్‌లో ఓ చిన్న ఊళ్ళో ఉంది. ఆనాటి మంచాలు, గిన్నెలు, అన్నీ అలాగే ఉంచారు. నా మనవరాలు అవని తనుండే ఇర్వింగ్ నుంచి నన్ను కారులో తీసుకొచ్చి, రాత్రి హోటల్లో ఉంచి, పొద్దున్నే చూపించడానికి వచ్చింది.

ఇల్లు చూపించే తెల్లజుట్టావిడ ఇంగ్లీషులో చెబుతుంటే అవని నాకు తెలుగులో చెప్పింది.

"ప్రెసిడెంట్ వాళ్ళ అన్న ఈ డోర్‌లోంచే వార్‌కి వెళ్ళాడంట అమ్మమ్మా. మళ్ళీ రాలేదంట."

"అతను వెళ్ళాక ఈ గది ఎవరు ఊడ్చారో అడుగు."

"అలాంటి క్వశ్చన్ ఎవరన్నా అడుగుతారా?" నవ్వుతూనే ఆవిడని అడిగింది. "ఆవిడకి తెలీదంట. కానీ వాళ్ళ మదర్ చాలా నీట్ అంట. ఎప్పుడూ చీపురు చేతిలోనే ఉండేదంట."

గడప దాటిన మనిషి ఊరు దాటేదాకా ఇల్లు ఊడవకూడదని మా అమ్మ చెప్పేది. చెల్లెలు బస్సెక్కిన పొద్దున, పిల్లలు ఒలకబోసిన అటుకులు కాళ్ళకు అంటుకుంటున్నాయని ఊడ్చేశాను. మా ఆయన వెళ్ళిన రోజు అలవాటుగా ఊడ్చాను. ఇద్దరూ తిరిగి రాలేదు.

బీపీ మాత్రలు హోటల్లో మరిచిపోయానని అప్పుడే గుర్తొచ్చింది. నోరు మూసుకుని ఉండాల్సింది. చెప్పాను.

"టెన్ మినిట్స్‌లో తెస్తా. ఈలోపు నువ్వు ప్రెసిడెంట్ అయిపోకు."

"వద్దే. ఆకాశం చూడు." పడమటి మబ్బు పాచిపట్టిన నీళ్ళ రంగులో ఉంది.

"టెక్సాస్‌లో ఇంతే అమ్మమ్మా. ఊరికే టెన్షన్ పడకు."

కారు మలుపు తిరిగింది. లోపల చెక్కనేల మీద, గుమ్మం దాకా, అవని బూట్ల ఎర్రదుమ్ము అడుగులు.

ఆ తెల్లజుట్టావిడ మూలనుంచి వేరే చీపురు తీసి వాటి మీద పెట్టబోయింది. నేను దాని కర్ర పట్టుకున్నాను.

"నో. ప్లీజ్. నా పిల్ల రోడ్డు మీద ఉంది."

తెలుగు ముక్క ఆవిడకు ఏం అర్థమైందో, "ఓకే హనీ" అని వదిలేసింది. చీపురు గుండెకు హత్తుకుని ఆ అడుగులకు కాపలా నిలబడ్డాను.

పది నిమిషాలు దాటాయి. కారు రాలేదు. ఊళ్ళో ఎక్కడో సుడిగాలి హెచ్చరిక సైరన్ మొదలైంది. ఆవిడ ముఖం మారింది. నేలమాళిగ వైపు చేయి చూపించి రమ్మంది. అంతలో వెనక తలుపు ఫెడీలున తెరుచుకుని గాలి ఇంట్లోంచి దూసుకుపోయింది. నేను భుజంతో తలుపు నెట్టి, గడియ వేసి, వెనక్కి తిరిగాను.

నేల అద్దంలా ఉంది. ఒక్క అడుగు లేదు.

అవనికి ఫోన్ చేశాను. పక్కగదిలో, ఆ తిరిగిరాని అన్న మంచం దగ్గర కిటికీ గట్టు మీద, అవని ఫోన్ మోగింది.