ఆరో లైను

ఒకదానిలో ఒకటి దూర్చిన ట్రాలీల వరుసను ఎమోసి పొట్టతో నెట్టుకుంటూ పార్కింగు దాటిస్తున్నాడు. చేతులతో నెట్టాలని మాల్ వాళ్ళు నేర్పించారు. దేవుడు ఇంత పొట్ట ఇచ్చింది మరెందుకని అతని వాదన. పసుపు పచ్చ చొక్కా సరిగ్గా బొడ్డు దగ్గర రాసుకుని రాసుకుని తెల్లబడింది.

మధ్యాహ్నం విరామంలో ఫిఫిటా అత్తను ఫోన్ల దుకాణానికి తీసుకువెళ్ళాలి. అది గుర్తుకొచ్చినప్పుడల్లా ఆ పొట్ట కాస్త లోపలికి పోతోంది.

ఎమోసి వాళ్ళది టోంగా దీవులు. టోంగా ఇళ్ళలో మేనత్త అడిగితే లేదనే మాట ఎవరి నోటా రాదు. పందిని కాలిస్తే తొలి ముక్క ఆవిడది. నచ్చితే మేనల్లుడి ఒంటిమీది చొక్కా కూడా ఆవిడదే. పోయిన నెలలో ఆవిడ ఆక్లాండ్ శివారు మాంగెరెలోని ఎమోసి ఇంట్లో దిగి, టీవీ బాగుందంది. మర్నాడు టీవీ ఆవిడ గదిలో ఉంది. నిన్న చేమదుంపలు చెక్కు తీస్తూ, "ఒరేయ్, మీ అందరికీ కలిపి ఏదో ఫోను ప్లాను ఉందటగా. నాకూ ఓ లైను పెట్టించు," అంది.

"అలాగే అత్తయ్యా," అన్నాడు ఎమోసి. అనేశాక గుర్తొచ్చింది, అందులో పట్టేది ఐదు లైన్లేనని. తను, భార్య నైటె, ఇద్దరు పిల్లలు, నైటె తమ్ముడు లిసియాటె. రెండు వారాలు ఉంటానని లిసియాటె వచ్చినప్పుడు సోఫా కొత్తది.

పొద్దున్నే అందరినీ అడిగి చూశాడు. పిల్లలు చెవుల్లోవి తియ్యకుండానే తలలు అడ్డంగా ఊపారు.

"నాది తీసెయ్. చర్చి ఆడవాళ్ళందరికీ నువ్వే ఫోన్లు చేసుకుందువుగాని," అంది నైటె.

లిసియాటె సోఫా మీద దుప్పటిలోంచి మొహం బయటపెట్టాడు. "నాదేముంది బావా, తీయించెయ్. కాకపోతే ఏదైనా ఉద్యోగమని ఫోనొస్తుందేమో. అదొక్కటే."

అతను ఎక్కడైనా ఉద్యోగం అడిగినట్టు ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఇక మిగిలింది ఎమోసి నంబరు. ఈ దేశం వచ్చిన కొత్తలో తీసుకున్నది. టోంగాలో వాళ్ళ ఊళ్ళో కొట్టు గోడ మీద ఎవరో బొగ్గుతో 'ఆక్లాండ్ ఎమోసి' అని రాసి, కింద ఆ నంబరు వేశారు. పడవ ఇంజను చెడినా, పిల్లకు సంబంధం కుదిరినా, ఎవరైనా పోయినా ఆ నంబరే మోగుతుంది. అబ్బబ్బ అని విసుక్కుంటాడు కానీ, మోగగానే ట్రాలీలు ఆపి, నడుం నిటారుగా పెట్టి, "ఎమోసిని మాట్లాడుతున్నాను," అంటాడు. అది పోతే ఈ ఊళ్ళో అతనొక పసుపు పచ్చ చొక్కా.

అత్త బస్సు దిగి వచ్చింది. నల్లగౌను, నడుముకు మర్యాద కోసం చుట్టుకునే అల్లిక చాప, నెత్తిన పూల టోపీ, చేతిలో విసనకర్ర. దుకాణంలోకి ప్రార్థనకు వెళ్ళినట్టు నడిచి, ఉన్న ఒక్క కుర్చీలో కూర్చుంది.

"ఆరోది పట్టదు అంకుల్," అంది కౌంటరు దగ్గరున్న ఫిజీ పిల్ల రొనీటా. "ఎవరిదో ఒకటి తీసెయ్యాలి."

"నాది తీసెయ్యమ్మా," అన్నాడు ఎమోసి, గొంతు తగ్గించి.

"మీదెలా తీస్తాను? ప్లానే మీ పేరు మీదుంది. పైన మీరు, మీ కింద మిగతా వాళ్ళు."

అత్త విసనకర్ర ఆగింది. "అంటే నేనూ వీడి కిందేనా?"

"అవును ఆంటీ."

ఎమోసి చెవులు కాలిపోయాయి. నాన్న పోయినప్పుడు అందరికన్నా పెద్దరికంగా శవం తలాపున కూర్చున్న మనిషి. ఆవిడ పేరు తన పేరు కిందా!

"అలా రాయకు తల్లీ! అత్తయ్యను పైన పెట్టు. ప్లానంతా ఆవిడ పేరున మార్చెయ్. అప్పుడు నాది తీసెయ్యొచ్చుగా?"

"తీయొచ్చు. కానీ ఆలోచించుకోండి అంకుల్. తర్వాత ఆంటీ ఎవరి లైనైనా తీయించేయొచ్చు."

"తీయిస్తే తీయిస్తుంది. మేనత్త కదా."

రొనీటా అతన్ని జాలిగా చూసింది. "మా ఇంట్లో అత్తల్ని బ్లాక్ చేస్తాం," అని గొణిగి, పని మొదలుపెట్టింది.

అంతా అయ్యాక అత్త మెడ చాచి అడిగింది. "ఎవడెంత వాడుతున్నాడో అందులో కనబడుతుందా?"

రొనీటా తెర తిప్పి చూపించింది. అత్త ఒక పేరు దగ్గర వేలు ఆపి, దాని పక్కనున్న అంకె చూసింది. "ఊఁ," అంది, అంతే.

ఆ మధ్యాహ్నమంతా ఫోను చచ్చిన చేపలా ఎమోసి జేబులో పడి ఉంది. ఫోను కలవక, పై అంతస్తు నుంచి సూపర్‌వైజరు రెండు చేతులూ ఊపుతూ అరిచాడు. ఎమోసి కూడా సంతోషంగా చెయ్యి ఊపాడు. ఆయన మెట్లన్నీ దిగి వచ్చి, పిలిచింది పలకరించడానికి కాదని చెప్పాల్సి వచ్చింది. ఎమోసి చెయ్యి మాత్రం మాటిమాటికీ జేబు తడుముకుంటూనే ఉంది. ఊళ్ళో ఎవరో ఆ నంబరు నొక్కి, ఎవరూ పలకక, కొట్టు గోడ కేసి చూస్తూ నిలబడినట్టు అనిపించింది.

సాయంత్రం అందరూ కొబ్బరిపాలలో ఉడికిన చేమాకు పొట్లాలు విప్పుతుండగా అత్త ఎమోసితో అంది.

"నేను హామిల్టన్ పోతున్నాను. అక్కడ నీ తమ్ముడి టీవీ ఇంకా పెద్దదట. వ్యాను వస్తోంది. లిసియాటె నాతో వస్తాడు. తోట తవ్వడానికో మనిషి కావాలి."

లిసియాటె నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. "అత్తయ్యా, ఉద్యోగమని నాకేదైనా ఫోనొస్తే..."

"ఇదేరా ఆ ఫోను. వచ్చింది. నువ్వెత్తావు."

నైటె నోరు తెరిచి, మొగుడి మేనత్త కదా అని మళ్ళీ మూసుకుంది.

"వీడి లైను తీయించేశాను," అంది అత్త, వేళ్ళు నాకుతూ. "ఎమోసీ, ఆ దుకాణం పిల్ల నీ నంబరు ఎవరికీ ఇవ్వకుండా అట్టిపెట్టింది. ఇందాకే ఫోను చేసి మళ్ళీ నీకే వేయించాను. పైన నేను. కింద నువ్వు. సరేనా?"

"సరే అత్తయ్యా," అన్నాడు ఎమోసి. ఫోను జేబులోంచి తీసి పళ్ళెం పక్కన పెట్టుకున్నాడు.

పొట్లం ముగిసేలోపే ఫోను మోగింది. ఊరి నుంచే. ఎవరి పందో ఎవరి తోటలోనో పడిందట, న్యాయం చెప్పాలట. ఎమోసి వాకిట్లోకి వెళ్ళి నిటారుగా నిలబడి, పంది తరఫునా తోట తరఫునా ఓపిగ్గా విన్నాడు. మధ్యలో వ్యాను వచ్చింది. లిసియాటె పెట్టెలు ఎక్కించి, అక్క చెంపకు చెంప ఆనించి, బావ మాట్లాడుతున్నాడని చెయ్యి మాత్రం ఎత్తి, వెనక సీట్లో కూర్చున్నాడు. ఎమోసి కూడా చెయ్యి ఎత్తాడు. ఫోను చెవి నుంచి తియ్యలేదు.

లోపలికి వచ్చేసరికి సోఫా మీద దుప్పటి మడత పెట్టి ఉంది. అతను ఇన్నాళ్ళూ కోరుకున్న సోఫాయే. కూర్చోబోయి, ఎందుకో నేలమీదే కూర్చున్నాడు. ఎదురుగా గోడకు లిసియాటె ఛార్జరు అలాగే ఉండిపోయింది, పచ్చదీపం వెలుగుతూ, తీగ చివర ఏమీ లేకుండా.